రెండువేల లూమెన్ల పెళ్ళిచూపులు

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నేను మాత్రం దీపం ఉండబట్టే పెళ్ళి చెడగొట్టుకోబోయేను. అదీ దేవుడి దగ్గర పెట్టే దీపం కాదు, సైకిలు లైటు. జాతకాలు కుదరక తప్పిపోయిన సంబంధాలు మీరు విని ఉంటారు. పెళ్ళివారి భోజనంలో కూరలు తక్కువై తప్పిపోయినవీ విని ఉంటారు. వెలుగు ఎక్కువై తప్పిపోబోయిన సంబంధం మాత్రం మా చోడవరం చుట్టుపక్కల నాదొక్కటే. చెప్తాను వినండి. నవ్వొస్తే మొహమాటపడకండి, మా ఇంట్లో అందరూ తనివితీరా నవ్వుకున్నాకే మీ వంతు వచ్చింది.

ముందు సైకిలు సంగతి. నాకు విశాఖపట్నంలో ఉద్యోగం, చోడవరంలో ఇల్లు. వారమంతా కంపెనీలో కుర్చీకి అతుక్కుపోయి, ఆదివారం మా ఊరొచ్చి కొండ దారుల్లో సైకిలు తొక్కేవాణ్ణి. మామూలు సైకిలు కాదండోయ్. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, వెనక బోలెడు గేర్లు. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు మా నాన్న దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేసేడు.

"ఇంజనెక్కడరా?" అన్నాడు.

"ఇంజనుండదు నాన్నా. తొక్కడమే."

"మరిన్ని గేర్లెందుకు?"

"కొండెక్కడానికి."

"కొండ మీద మనకేటి పని?"

నేను సైకిలెక్కి గంట వాయించేను.

అలాంటి రోజుల్లో లలిత సంబంధం వచ్చింది. చీడికాడ దాటేక కొండ కింద ఓ ఊరు వాళ్ళది. ఊరి పేరు చెప్పను, చెప్తే ఆ ఊరివాళ్ళు ఇది చదివి మళ్ళీ మొదట్నించీ నవ్వడం మొదలెడతారు. లలిత గ్రామ సచివాలయంలో వ్యవసాయ సహాయకురాలు. ఏ పంటకి ఏ పురుగు పడుతుందో, ఏ పురుగుకి ఏ మందో రైతులకి చెప్పే ఉద్యోగం. మేమిద్దరం మధ్యవర్తి ఇంట్లో చూసుకున్నాం, నచ్చుకున్నాం, రోజూ రాత్రి ఫోన్లో మాటాడుకునే దాకా వచ్చేం. ఆ అమ్మాయి కాకపోతే నాకింకో అమ్మాయి వద్దు అన్నంతగా మనసు పడ్డాను. అడ్డమల్లా వాళ్ళ నాన్న అప్పలనాయుడు గారు. ఆయనకి నా చదువు నచ్చింది, ఉద్యోగం నచ్చింది, మా చెరుకు పొలం మరీ నచ్చింది. సైకిలు నచ్చలేదు.

"ఉద్యోగం చేసే గుంటడు సైకిలు తొక్కడమేటి? అయితే లేమి, కాకపోతే పిచ్చి. రెంటిలో ఏదైనా నా కూతురికొద్దు," అన్నాట్ట మధ్యవర్తితో.

లలిత నాలుగు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాటాడలేదు. ఆఖరికి తగువు వాళ్ళ మామ్మ దగ్గరికి వెళ్ళింది. మామ్మంటే అప్పలనాయుడు గారి తల్లి. ఆ ఇంట్లో గేదెనమ్మాలన్నా, గోడ కట్టాలన్నా ఆవిడ మాటే చెల్లుబాటు.

"ఆ గుంటణ్ణి నాకాడికి రమ్మనండి. నాను సూసి సెప్తాను. ఔనంటే ఔను, కాదంటే కాదు. ఆనక ఎవులూ నోరెత్తకూడదు," అంది మామ్మ.

ఆదివారం సాయంత్రం రమ్మని నాకు కబురొచ్చింది.

మీరైతే ఏం చేస్తారు? ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మాడుగుల హల్వా ఓ డబ్బా కట్టించుకుని, బుద్ధిగా బస్సెక్కుతారు. బుర్రున్నవాడెవడైనా అదే చేస్తాడు. నాకప్పుడు బుర్ర ఉండాల్సిన చోట రోషం ఉండేది. ఏ సైకిలుని కాదన్నారో ఆ సైకిలు మీదే వెళ్ళాలి, కొండ వెనక దారిన చీకట్లో దిగాలి, వాళ్ళ ముంగిట్లో సర్రుమని బ్రేకెయ్యాలి, అప్పలనాయుడు గారు నోరెళ్ళబెట్టాలి. ఇదీ మన పథకం. లలితకి ఫోన్లో చెప్పేను.

"బస్సులో రావచ్చు కదండీ," అంది మెల్లిగా.

"బస్సులో ఎవడైనా వస్తాడు."

"అందుకే రమ్మంటన్నాను."

వింటేనా.

చీకట్లో కొండ దిగాలంటే లైటు కావాలి. అప్పటిదాకా నేను పగలే తొక్కేవాణ్ణి, నా సైకిలుకి మిణుగురంత వెలుగు కూడా లేదు. ఇక లైట్ల చదువు మొదలెట్టేను. డిగ్రీకి అందులో సగం చదివుంటే ఈపాటికి కలెక్టరునై మీకు కనిపించకుండా తిరుగుతుండేవాణ్ణి. సన్నగా దూరం దాకా పడే వెలుగొకటి, దగ్గర్లోనే వెడల్పుగా పరుచుకునే వెలుగొకటి. తెల్లవి, పసుపువి. హ్యాండిలుకి పెట్టేవి, హెల్మెట్ మీద పెట్టేవి. వీటన్నిటికీ ఓ కొలత ఉంది, దాని పేరు లూమెను. పాలకి లీటరెలాగో వెలుగుకి లూమెనలాగ. నాలుగొందల లూమెన్ల నుంచి నాలుగువేల దాకా ఉన్నాయి. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని లూమెన్లు చూస్తుంటే మా మేనేజరు వెనకనుంచి వచ్చి, నేను చాలా శ్రద్ధగా పని చేస్తున్నానని మెచ్చుకుని వెళ్ళేడు.

సలహాలు అడిగేను. అడగడం వరకు నేను చాలా మంచివాణ్ణి.

విశాఖపట్నంలో కిరణ్ అని నా స్నేహితుడున్నాడు, రాత్రిపూట కొండల్లో సైకిలు తొక్కడంలో ఆరితేరినవాడు. "హ్యాండిలుకి ఒకటి, తలకి చిన్నదొకటి. రెండూ కలిపి వెయ్యి దాటకు. తల మీద పెద్దది పెట్టేవనుకో, మొహానికి దగ్గరగా ఉంటాది కదా, మంచు పడినా దుమ్ము రేగినా నీ కళ్ళ ముందు తెల్లగోడ కట్టేస్తాది," అన్నాడు.

చోడవరం బజార్లో ఎలక్ట్రికల్ షాపు బాబ్జీ నాతో ఒకటో తరగతి నుంచీ చదివేడు. వాణ్ణడిగేను. "మీ నాన్న రాత్రిళ్ళు పొలానికి నీరు కట్టడానికెళ్తూ తలకి కట్టుకుంటాడు చూడు, రబ్బరు పట్టీ లైటు. అది చాలదేటి?" అన్నాడు.

"అది రైతులు పెట్టుకునేదిరా."

"నువ్వెవడి కొడుకువి మరి?"

లలితనడిగేను. ఆ అమ్మాయి ఒక్కటే చెప్పింది. "ఏదైనా కొనండి, పసుపు వెలుగుది కొనండి. తెల్లదానికి పురుగులొస్తాయి. వరి పొలాల్లో పురుగుల్ని పట్టడానికి దీపపు ఎర పెట్టమని మేం రైతులకి చెప్తాం. తెల్ల లైటొకటి, కింద నీళ్ళ పళ్ళెం. పురుగులన్నీ వచ్చి పడతాయి."

"నేను వరి పొలంలో నిలబడటానికి రావట్లేదు కదా," అన్నాను.

ముగ్గురి మాటా విన్నాను. విని, పిండి కొద్దీ రొట్టె అన్నారు, లూమెను కొద్దీ వెలుగు అని నాకు నేనే ఓ సామెత చెప్పుకుని, రెండువేల లూమెన్ల తెల్ల లైటు తెప్పించేను. తీరా చూస్తే దాని పట్టీ నా హ్యాండిలుకి పట్టలేదు. పోనీ అదే మంచిదైంది, తల మీదైతే ఎటు చూస్తే అటు వెలుగే కదా అనుకుని బాబ్జీ చేత హెల్మెట్‌కి ప్లాస్టిక్ టాగులతో బిగించేయించేను. బ్యాటరీ వేరే పెట్టె. దాన్ని వీపు సంచిలో వేసుకుని, మెడ మీదుగా హెల్మెట్‌కి వైరు లాక్కోవాలి. మొత్తానికి కుళాయి కనెక్షనిచ్చినట్టుగా ఉన్నాను.

ఆ సాయంత్రమే షుగర్ ఫ్యాక్టరీ రోడ్డు మీద పరీక్ష. బటన్ నొక్కేను. చూడాలి ఆ వెలుగు. దూరంగా చెట్టు మీద కాకులు తెల్లారిందనుకుని లేచేయి. ఎదురుగా ఓ లారీ వస్తోంది. మీకు తెలుసో తెలీదో, మా వైపు లారీ డ్రైవరు ఎదుటివాడి కోసం లైటు తగ్గించడం అనేది పురాణాల్లో కూడా లేదు. ఆ డ్రైవరు నాకు తగ్గించేడు. దగ్గరికొచ్చి సైకిలని చూసేక తిట్టేడనుకోండి, అది వేరే సంగతి. తగ్గించేడా లేదా అన్నదే నాకు ముఖ్యం.

"ఆర్పరా, కళ్ళు పోతన్నాయి," అన్నాడు బాబ్జీ.

బటన్ నొక్కేను. వెలుగు సగమైంది. మళ్ళీ నొక్కేను, పావైంది. మళ్ళీ నొక్కేను, టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. ఇంకోసారి నొక్కితే మళ్ళీ మొదటికొచ్చి రెండువేలూ వెలిగింది.

"ఆరడం లేదేటిరా?"

"ఆరడమెందుకురా, వైరు పీకితే పోలేదా," అని బాబ్జీ నా మెడ దగ్గర జాయింటు పట్టుకుని ఊడపీకేడు. చీకటైంది. అక్కడితో ఆర్పడం గురించి మేము ఆలోచించడం మానేసేం. చదువుకున్నవాళ్ళం కదా.

ఆదివారం వచ్చింది. పొద్దున్నించీ ఉక్క. మధ్యాహ్నం మూడింటికి నల్లగా మబ్బు కమ్మి, ఆ ఏటి మొదటి వాన కుండపోతగా కురిసి, సాయంత్రానికి తెరిపిచ్చింది. నేను చొక్కా మార్చుకుని హెల్మెట్ తీస్తుంటే మా అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఒరే నాన్నా, మొదటి వాన పడింది. ఇవాళ ఉసిళ్ళు లేస్తాయి. ఆటో మాటాడుకుని వెళ్ళు."

ఉసిళ్ళంటే తెలియని పట్నవాసులెవరైనా ఉంటే చెప్తాను. చెదపురుగులకి రెక్కలొస్తే ఉసిళ్ళు. ఏడాదికోసారి మొదటి వాన పడ్డ సాయంత్రం పుట్టల్లోంచి పొగలా లేస్తాయి. ఎక్కడ దీపం కనపడితే అక్కడికొచ్చి పడతాయి. మా చోడవరంలో అయితే తలుపులేసుకుని, పొద్దున్న రెక్కలు ఊడ్చుకుంటాం. అంతకుమించి వాటితో మాకు పరిచయం లేదు.

"ఉసిళ్ళకి భయపడి పెళ్ళిచూపులు మానుకుంటామేటమ్మా. లైటుంది కదా," అన్నాను.

"ఆ లైటుందనేరా నా భయం."

దార్లో బాబ్జీ షాపు దగ్గర ఆగేను. వైరు జాయింటులోకి తడి దిగితే లైటు కొట్టేస్తుందని వాడు ఇన్సులేషను టేపు రోలు తీసి, మొదటి పురుటి బిడ్డకి గుడ్డ చుట్టినంత ప్రేమగా, రోలు మొత్తం చుట్టేసేడు. "ఇక సముద్రంలో దూకినా ఊడదు," అన్నాడు. అంత నమ్మకంగా మాట ఇచ్చి, అంత నిజంగా నిలబెట్టుకున్న స్నేహితుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

అబద్ధమాడకూడదు, దారి బ్రహ్మాండంగా సాగింది. చీడికాడ దాటి, జీడితోటల్లోంచి కొండ ఎక్కి, అవతల వైపు దిగుతుంటే అప్పుడే పొద్దుపోయి చీకటి పడుతోంది. బటన్ నొక్కేను. ప్రతి రాయీ, ప్రతి వేరూ, నీళ్ళు నిలిచిన ప్రతి గొయ్యీ పేరు పెట్టి పిలిచినట్టు కనపడుతున్నాయి. కిరణ్ సలహా గుర్తొచ్చి నవ్వుకున్నాను. నవ్వుతుంటే నోట్లో ఏదో పడింది. ఉమ్మేసి మళ్ళీ తొక్కేను. కళ్ళద్దాల మీద ఇంకోటి పడింది. తుడుచుకున్నాను. రోట్లో తల పెట్టేక రోకటి పోటుకి వెరవకూడదు, తల మీద లైటు పెట్టేక పురుగుకి వెరవకూడదు అనుకున్నాను. సామెతలు మార్చుకోవడం మొదలెట్టినవాడికి చెడిపోవడానికి అట్టే టైము పట్టదు.

కొండ దిగి మలుపు తిరిగేసరికి ఊరు కనిపించింది. కనిపించిందని ఎందుకన్నానంటే ఊరుందని నాకు తెలుసు కాబట్టి. ఊరంతా చీకటి. వీధి దీపాల్లేవు, ఇళ్ళల్లో దీపాల్లేవు. ముంగిళ్ళలో మాత్రం నేలకి దగ్గరగా అక్కడో చిన్న దీపం, ఇక్కడో చిన్న దీపం.

"పాపం, కరెంటు పోయింది," అనుకున్నాను.

అక్కడే కొంప మునిగింది. కరెంటు పోలేదు. ఆ ఊళ్ళో అది ఆనవాయితీ. మొదటి వాన పడ్డ సాయంత్రం అందరూ అనుకుని ఊరంతా లైట్లార్పేస్తారు. ఇంటికో చిన్న దీపం ముంగిట్లో పెట్టి, దాని కింద పళ్ళెంలోనో గంగాళంలోనో నీళ్ళు పోసి, చుట్టూ కూర్చుంటారు. ఉసిళ్ళు దీపానికి వచ్చి నీళ్ళలో పడతాయి. వాటిని ఆరబెట్టి, రెక్కలు చెరిగి, బియ్యంతో కలిపి వేపుకు తింటారు. ఏడాదికి ఒక్క రోజు పంట. ఒకరి దీపం పెద్దదైతే పక్కింటి ఉసిళ్ళు అటు పోతాయని అందరూ ఒకే మాదిరి చిన్న దీపం పెట్టాలని కట్టడి. ఆ కట్టడి కోసం అన్నదమ్ములే మాటలు మానేసుకున్న ఊరది.

ఇవేవీ తెలియని మహానుభావుడు ఒకడు కొండ మీంచి దిగుతున్నాడు. పాపం ఊరికి వెలుగు లేదు, మన రాకకి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు అనుకున్నాడు. రెండువేల లూమెన్లూ ఊరి మీదికి తిప్పి, గంట వాయించుకుంటూ వీధిలోకి దిగేడు.

ముందు గాలిలో ఒక చప్పుడు వినిపించింది, చాటలో బియ్యం చెరుగుతున్నట్టు. తరవాత ఊళ్ళో ఉన్న ప్రతి ముంగిట్లోంచి, ప్రతి దీపం దగ్గర్నుంచి, ప్రతి గంగాళం మీదనుంచి ఉసిళ్ళు లేచి నా తలకాయ వైపు బయల్దేరేయి. కళ్ళద్దాలు మూసుకుపోయేయి. ముక్కులో, చెవుల్లో, చొక్కా కాలర్లో అవే. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనెట్టుకెళ్ళినవాడి గురించి విన్నాను గానీ, ఊరందరి ఉసిళ్ళనీ నెత్తికెత్తుకెళ్ళినవాణ్ణి నేనే.

"ఎవడ్రా ఆ లైటు?"

"ఆర్పరా ఎదవా!"

"ఓలమ్మ, మా పళ్ళెంలో ఒక్కటి మిగల్లేదు."

నాకేమీ కనపడటం లేదు. బ్రేకనుకుని గేరు నొక్కేను. ముందు చక్రం దేన్నో ఢీకొంది, ఖంగుమని మోగింది, నా మీద నీళ్ళు పడ్డాయి, నేను బురదలో పడ్డాను. ఎవరో వచ్చి నా కాలరు పట్టుకుని లేవదీసేరు.

"నా గంగాళం తన్నేసేవేటిరా? ఎవడ్రా నువ్వు? ఏ ఊరు నీది?"

గొంతు గుర్తుపట్టేను. అప్పలనాయుడు గారు. ఫోన్లో ఒక్కసారి విన్నాను, చాలు. నోరు తెరిచి చెప్దామనుకున్నాను. తెరిస్తే ఉసిళ్ళు లోపలికి దూరేయి. మూసేసేను.

"మ్మ్," అన్నాను.

"మాటాడవేటిరా?"

"మ్మ్ మ్మ్."

"మూగోడిలా ఉన్నాడు," అన్నారెవరో.

"మూగోడు కాదు ఏటీ కాదు. అడవి పందుల ఏటకొచ్చినోడు. ఆళ్ళే ఇలాటి లైట్లు కట్టుకుంటారు. పట్టండి," అన్నారు ఇంకెవరో. చుట్టూ పదిమంది మూగేరు.

"ముందా లైటు ఆర్పరా," అని అరిచేరు అప్పలనాయుడు గారు.

తడుముకుని బటన్ నొక్కేను. సగమైంది. నొక్కేను, పావైంది. హమ్మయ్య అనుకుని ఇంకోసారి నొక్కేను. టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. ఊళ్ళో కుక్కలన్నీ ఒక్కసారి ఏడుపందుకున్నాయి. ఎవరో ముసలాయన దణ్ణం పెట్టుకున్నాడు. భయపడి మళ్ళీ నొక్కేను, రెండువేలూ వెలిగేయి. వైరు పీకుదామని జాయింటు పట్టుకుని లాగేను. బాబ్జీ చుట్టిన టేపు కదా, నా మెడ వచ్చేలా ఉంది గానీ వైరు రాలేదు.

ఆ జనంలోంచి ఓ ఆడపిల్ల గొంతు వినిపించింది. "నాన్నా, ఆ సైకిలు..."

"ఏటమ్మా సైకిలు?"

"ఆయనే నాన్నా."

"ఎవరాయన?"

"మీరు రమ్మన్నాయనే."

కాలరు మీద పట్టు వదులైంది. వదులైందంటే ప్రేమతో అనుకునేరు, ఆశ్చర్యంతో. ఇక మూసుకుని లాభం లేదని నోరు తెరిచి, "నమస్కారమండీ. రమణనండీ, చోడవరమండీ," అన్నాను. మాటలతోపాటు రెండు ఉసిళ్ళు బయటికొచ్చేయి.

అప్పలనాయుడు గారు నా వంక చూసి, కూతురి వంక చూసి, ఖాళీ గంగాళం వంక చూసేరట.

"నాను సెప్పలేదేటి? లేమీ కాదు ఏటీ కాదు. పిచ్చే," అన్నారు.

నిజంగా చెప్తున్నాను, అప్పటిదాకా నవ్వులాటగా ఉన్నది అక్కడితో ఆగిపోయింది. లలిత కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఉంటుందని నాకు తెలుసు, కళ్ళు తెరిచి చూసే వీలు లేదు. ఇంత చదివి, ఇంతమంది చెప్పింది విని, నా చేత్తో నేనే ఆ పిల్లని పోగొట్టుకున్నాను అనుకున్నాను.

అప్పుడు అరుగు మీంచి వినిపించింది మామ్మ గొంతు.

"ఎవులూ ఆ లైటు ముట్టుకోకండి."

అందరూ ఆగేరు.

"ఊరందరి ఉసిళ్ళూ ఆడి నెత్తి మీదే ఉన్నాయి కదేటి. ఆర్పితే ఎటెళ్తాయో ఎవులికి తెలుసు. ఆ గుంటణ్ణి మన ముంగిట్లో పీటేసి కూసోబెట్టండి. సుట్టూ నీల్లెట్టండి. ఎవులి గంగాలం ఆళ్ళు తెచ్చుకోండి."

అంతే. ఒక్క మాటకి ఊరు కదిలింది. నన్ను చెయ్యి పట్టుకు నడిపించి పీట మీద కూర్చోబెట్టేరు. నా చుట్టూ గంగాళాలు, పళ్ళేలు, ఒకరు స్నానాల తొట్టె కూడా తెచ్చేరు. తెచ్చినవాళ్ళు తెచ్చినట్టు చాపలేసుకు కూర్చున్నారు. నేను మధ్యలో, తల మీద రెండువేల లూమెన్లతో. పెళ్ళికొడుకుని చూడటానికి ఊరంతా రావడం ఉందేమో గానీ, గిన్నెలు పట్టుకు రావడం మాత్రం ఎక్కడా లేదు.

లలిత వచ్చి నా కళ్ళద్దాలు తుడిచి, ముక్కుకీ నోటికీ తువ్వాలు చుట్టింది. చుడుతూ చెవి దగ్గర, "పసుపుది కొనమన్నానా లేదా?" అంది.

మామ్మ కుర్చీ వేయించుకుని నా ఎదురుగా కూర్చుంది. పెళ్ళిచూపులు మొదలయ్యేయి.

"బాబూ, పేరేటన్నావు?"

"మ్మ్."

"సర్లే. తాగుతావేటి?"

లేదని తలూపేను. తలతో పాటు వెలుగు ఇటునుంచి అటు తిరిగింది. వెలుగుతోపాటు ఉసిళ్ళన్నీ కుడి పక్కనున్నవాళ్ళ గంగాళం మీదికి పోయేయి. ఎడం పక్కవాళ్ళు గోలెత్తేరు.

"తలూపకు బాబూ, తలూపకు. ఉసిళ్ళు ఆళ్ళ పళ్ళెంలో పడిపోతన్నాయి."

"అయితే ఎలా చెప్తాడమ్మా?" అన్నారు అప్పలనాయుడు గారు.

"కాదనేదుంటేనే తలూపాల. ఔనైతే ఊరుకుంటాడు. ఏటి బాబూ?"

ఊరుకున్నాను.

"మా గుంటని బాగా సూసుకుంటావేటి?"

ఊరుకున్నాను. ఆ ఊరుకోవడంలో నా ప్రాణమంతా పెట్టేను.

"దాన్ని ఉద్యోగం మానమంటావేటి?"

ఇది చిక్కు ప్రశ్న. మానమననని చెప్పాలంటే తలూపాలి. తలూపితే ఎడం పక్కవాళ్ళు కొడతారు. చూపుడువేలు ఒక్కటీ ఎత్తి అటూ ఇటూ ఆడించేను. ఉసిళ్ళు కదల్లేదు. మామ్మ, "ఆఁ, బుర్రుంది," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వేరు.

అప్పుడు అప్పలనాయుడు గారు గొంతు సవరించుకున్నారు. "నానొకటి అడగాల. బాబూ, పెళ్ళయ్యేక ఆ సైకిలు మానేస్తావేటి?"

చెవిలో ఓ ఉసిలి ప్రయాణం చేస్తోంది. మెడ మీంచి వీపు మీదికి ఇంకో పది దిగేయి. చక్కిలిగింతలకి చచ్చిపోతున్నాను. తలూపితే సంబంధం పోతుంది, ఊపకపోతే సైకిలు పోతుంది. అలా బిగుసుకుపోయి ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. సైకిలే పోనీ అని మనసులో అనేసుకున్నాను కూడా.

నా బదులు మామ్మే మాటాడింది.

"మానడమేటిరా అప్పలనాయుడా? ఇటు సూడు. ఈ గుంటడొచ్చి ఎంతసేపైంది? ఒంటినిండా పురుగులు పాకతన్నాయి, గోక్కున్నాడేటి? ఊరంతా తిట్టింది, ఎదురు సెప్పేడేటి? కాలరట్టుకున్నావు, సెయ్యెత్తేడేటి? నీ కూతురు నీలాటోడికి పుట్టింది, దానికి కోపమొస్తే ఇల్లెగిరిపోద్ది. దాని పక్కన ఇలాగే కదలకుండా కూసోగలిగినోడు కావాల. ఈ జిల్లాలో ఇంకోడు దొరకడు. రాసుకో."

అప్పలనాయుడు గారు ఏదో అనబోయి గంగాళంలోకి చూసేరు. గంగాళం నిండిపోయి ఉంది. ఆయన జన్మలో అన్ని ఉసిళ్ళు చూసి ఉండరు. పక్కింటాయన గంగాళం నిండింది, ఆ పక్కింటాయనదీ నిండింది, మాటల్లేని అన్నదమ్ములు ఒకరి పళ్ళెం ఒకరికి అందించుకుంటున్నారు.

"సర్లే అమ్మా. నీ ఇష్టం," అన్నారాయన. ఇంకాస్త ఆగి, "తొట్టెలో ఇంకా జాగా ఉంది బాబూ, కాస్త ఇటు తిరుగు," అన్నారు.

అదీ మా మావయ్య గారు నన్ను అల్లుడిగా పిలిచిన మొదటి పిలుపు.

బ్యాటరీ దానంతటది అయిపోయేక నన్ను లేవనిచ్చేరు. లలిత దువ్వెన పెట్టి నా జుట్టులోంచి రెక్కలు తీసింది. వేపిన ఉసిళ్ళూ బియ్యం గిన్నెలో పెట్టిచ్చేరు. బెరుకుగా ఓ పిడికెడు నోట్లో వేసుకున్నాను. నిజం చెప్తున్నాను, వేరుశెనగల కంటే బాగున్నాయి. నన్నూ నా సైకిలునీ ట్రాక్టరెక్కించి చోడవరం పంపించేరు. ఆ శ్రావణంలో మా పెళ్ళైంది.

మరుసటి ఏడు మొదటి వానకి మా మావయ్య గారు ఫోన్ చేసి లైటు అడిగి తెప్పించుకున్నారు, నన్ను రమ్మనకుండా. వెదురు కర్రకి కట్టి ముంగిట్లో పాతేరట. ఆ ఏడు వాన చాలక అరకొరగా లేచేయి, పళ్ళెం అడుగు కూడా నిండలేదు. మామ్మ అరుగు మీద కూర్చుని అంతా చూసి, ఓ నిర్ణయానికొచ్చింది. ఆ నిర్ణయం నాకు తరవాత తెలిసింది.

ఇది జరిగేక నేను మా ఇంటి దేవుడి గది ముందు నిలబడి, భార్య సాక్షిగా, ఈ కింది విధంగా ప్రమాణం చేసేను. ఒకటి, ఇక మీదట నా తల మీద వెలుగనే పదార్థం పెట్టను. రెండు, లైటు కొంటే పసుపుదే కొంటాను, ఐదొందల లూమెన్లు దాటను, హ్యాండిలుకే కడతాను. మూడు, కొనేముందు ఆర్పడం నేర్చుకుంటాను. నాలుగు, మొదటి వాన పడ్డ రోజున తలుపులేసుకుని ఇంట్లో పడుంటాను, పెళ్ళాం వెళ్ళమన్నా వెళ్ళను. ఇది తప్పితే నా సైకిలు గొలుసు తెగిపోవుగాక.

ఈ ప్రమాణం మామ్మకి కూడా తెలియడం ధర్మమని ఊరెళ్ళి, అరుగు మీద ఆవిడ పక్కన కూర్చుని, మొత్తం అప్పజెప్పేను. ఆవిడ శ్రద్ధగా విని, బోసినోటితో నవ్వి, నా తల మీద చెయ్యేసి నిమిరింది.

"అలాగే నాన్నా. ఆ లైటెవులికి కావాల? కర్రకి కట్టి సూసేం కదా, దానికి రాలేదు," అంది. "నువ్వు తల తెచ్చుకో, చాలు."